విన్నవారి పట్టీ

రొట్టెల బరకాత్ తల వెనక్కి వాలి గోడకు ఆనింది. కళ్ళు మూతపడ్డాయి. సఫ్వాన్ కలం ముంచి, పట్టీలో అతని పేరు పక్కన చిన్న సున్నా చుట్టాడు.

గ్రంథం చదవడం మొదలుపెట్టి అది రెండో రోజు. సాయంత్రపు నమాజు కాగానే అందరూ కొండెక్కి లుబాబా ఇంటికి వచ్చారు. లోపలి వాకిట్లో ఖుబానీ చెట్టు కింద చాపలు పరిచారు. పాతిక మంది దాకా ఉన్నారు. అరుగు మీద పల్చటి నూలు తెర. తెర వెనక దిండ్లకు ఆనుకుని లుబాబా. ఆమెకు తొంభై ఒకటి. రోగుల్ని పరామర్శించడం గురించి ప్రవక్త చెప్పిన మాటల గ్రంథాన్ని ఐదేళ్ళ పిల్లగా తండ్రి ఒళ్ళో కూర్చుని ఒక మహాపండితుడి నోట విన్నది. ఆనాడు ఆమెతోపాటు విన్నవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఆయన గొంతు చెవులారా విన్న మనిషి భూమ్మీద ఇంకెవరూ లేరు. అందుకే మోసుల్ నుంచి, హలబ్ నుంచి కూడా మనుషులు వచ్చి డమస్కస్‌లో ఈ సాలిహియ్య పేట కొండెక్కుతున్నారు. నజీబ్ అనే కుర్రపండితుడు చదువుతాడు. ఆమె వింటుంది. తప్పొస్తే చేతికర్రతో నేల మీద తడుతుంది. కర్ర తట్టని చోటంతా ఆమె ఒప్పుకున్నట్టే.

ఎవరు ఏ రోజు వచ్చారో, ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు కబుర్లాడారో, ఎవరు నిద్రపోయారో రాయడం సఫ్వాన్ పని. ఆమె కర్ర తట్టి చెప్పిన దిద్దుబాట్లు గ్రంథం అంచున ఎక్కించడమూ అతని పనే. గ్రంథం పూర్తయ్యాక ఆ పట్టీ చివరి కాగితం మీదకు ఎక్కుతుంది. పూర్తిగా విన్నవాడు రేపు ఇంకొకరికి వినిపించవచ్చు. సున్నా పడ్డవాడు ఆ రోజు చదివిన భాగాన్ని ఎవరికీ చెప్పకూడదు. కావాలంటే ఆమె ముందు మళ్ళీ చదివించుకోవాలి. రోజుకో గంట మించి కూర్చోలేని ముసలమ్మను మళ్ళీ కూర్చోమని అడిగే ధైర్యం పెద్దపెద్ద వాళ్ళకే లేదు.

పాతికేళ్ళుగా సఫ్వాన్ చేతిరాత చూస్తే చాలు, ఎవరూ ఆ పట్టీని శంకించరు. ఎవరూ అతని పక్కన కూర్చోరు కూడా. చాప మీద అతని చుట్టూ ఎప్పుడూ ఒక మూర జాగా ఖాళీగా ఉంటుంది.

ఆ రోజు అందరూ చెప్పులు తొడుక్కుంటుంటే బరకాత్ సఫ్వాన్ దగ్గరకు వచ్చాడు. యాభై దాటినవాడు. ముంజేతుల మీద వెంట్రుకలు కాలిపోయి నున్నగా ఉన్నాయి.

"షేక్ గారూ, నా పేరు పక్కన ఏమైనా పెట్టారా?"

"సున్నా పెట్టాను."

"నేను నిద్రపోలేదండీ."

"కళ్ళు మూసుకున్నావు."

"ముప్పై ఏళ్ళు పొయ్యిలోకి చూసిన కళ్ళండీ ఇవి. వెలుతురులో తెరిచి ఉంచితే నీళ్ళు కారిపోతాయి. తుడుచుకుంటూ కూర్చుంటే మాట తప్పిపోతుంది. మూసుకుంటేనే బాగా వినపడుద్ది నాకు."

వెనకనుంచి ఎవరో అన్నారు. "గురక కూడా వినపడిందా బరకాతూ?" నలుగురూ నవ్వారు. బరకాత్ కూడా నవ్వాడు కానీ, చూపు సఫ్వాన్ మీదనుంచి తిప్పలేదు.

"నాకు కనిపించింది రాస్తాను" అన్నాడు సఫ్వాన్. "నీ లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది?"

"నిజమే లెండి" అన్నాడు బరకాత్. "నా పేరు రొట్టెల మీద ముద్రగా తప్ప ఇంకెక్కడా లేదండీ. తినేస్తారు, పోతుంది. ఈ ఒక్క పుస్తకంలో ఉంటుందని ఆశపడ్డా." అని, ఇంకేమీ అడగకుండా కొండ దిగి వెళ్ళిపోయాడు.

సఫ్వాన్ ఇంటికి వచ్చి తలుపు తాళం తీశాడు. ఉదయం తాగిన గిన్నె పెట్టినచోటే ఉంది. కడుక్కుని అందులోనే పప్పుపులుసు పోసుకున్నాడు. భార్య మైమూన పోయాక రెండో గిన్నె కిందకు దించలేదు. తింటూ పట్టీ తిరగేశాడు. సున్నా గుండ్రంగా, శుభ్రంగా ఉంది. తను చేసినదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

మూడో రోజు బరకాత్ వాకిలి మధ్యలో, అందరికీ కనిపించేలా కూర్చున్నాడు. కళ్ళు పెద్దవి చేసుకుని తెర వైపు చూస్తూ, భుజం మీది గుడ్డతో మాటిమాటికీ చెంపలు తుడుచుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అతను భక్తితో ఏడుస్తున్నాడనుకున్నారు. సఫ్వాన్ సున్నా పెట్టలేదు. ఆ రోజు వెళ్ళేటప్పుడు బరకాత్ ముఖం, సున్నా పెట్టించుకున్న రోజుకంటే దిగులుగా ఉంది.

నాలుగో రోజు నజీబ్ దారిలోనే కలిశాడు. గ్రంథం చంకలో పెట్టుకుని చకచకా నడుస్తున్నాడు.

"షేక్ గారూ, మా మామయ్య మాట ఇచ్చేశాడు. తను కింద కట్టించిన కొత్త పాఠశాలలో పాఠం చెప్పే పీఠం మీకే. రేపు ఈ గ్రంథం పూర్తవగానే కాగితం రాస్తాడట. ఆవిడ దగ్గర పూర్తిగా విన్నవాళ్ళలో మీకంటే పెద్దవాళ్ళెవరున్నారు చెప్పండి?"

"అంతా దైవేచ్ఛ" అన్నాడు సఫ్వాన్. కానీ అడుగు తేలికపడింది. పీఠమంటే మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా చుట్టూ మనుషులుంటారు. ప్రశ్నలుంటాయి. ఒక్కడే తాళం తీసే ఇంటికి చేరే పొద్దు కాస్త వెనక్కి జరుగుతుంది.

ఆ రోజు చదివిన భాగం రోగి మంచం పక్కన ఎలా కూర్చోవాలన్న దాని గురించి. నజీబ్ గొంతు హెచ్చుతగ్గులు లేకుండా సాగిపోతోంది. ప్రతి మాటకూ ముందు దాన్ని చేరవేసినవాళ్ళ వరస, ఫలానా ఆయన దగ్గర ఫలానా ఆయన విన్నాడు, ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నాడు. సఫ్వాన్ వెన్ను నిటారుగా పెట్టి, కలం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

రోగి దగ్గర కూర్చున్నవాడు తొందరగా లేవకూడదన్న మాట దగ్గర అతనికి ఒక గది కనిపించింది. గోడ వైపు తిరిగి పడుకున్న మైమూన. చలికాలం. రాగి పళ్ళెంలో నీళ్ళు, అంచున వేలాడేసిన తడిగుడ్డ. "వెళ్ళండి, ఈపాటికి మొదలుపెట్టేసి ఉంటారు" అంటోంది గోడతో. అతను చెప్పులు వెతుక్కుంటున్నాడు. చీకటి పడ్డాక తిరిగొస్తే, "ఇవాళ ఏం చదివారు?" అని అడుగుతోంది. అలసిపోయాను, రేపు చెబుతానంటున్నాడు. ఆ చలికాలంలో రాసిన పట్టీలన్నిటిలో అతని పేరు ఉంది. ఒక్క రోజు కూడా గైరుహాజరు లేదు.

"ఇక్కడికి ఆపుదాం" అంది తెర వెనక లుబాబా.

సఫ్వాన్ ఉలిక్కిపడ్డాడు. కలం కొనన సిరా ఎండి గట్టిపడింది. చెట్టు నీడ చాపలు దాటి గోడెక్కింది. మనుషులు లేస్తున్నారు. నజీబ్ దగ్గర గ్రంథం అడిగి తీసుకుని చూశాడు. తనకు గుర్తున్న చివరి మాట నలభై ఒకటో కాగితంలో ఉంది. ఇప్పుడు ఆపింది నలభై తొమ్మిది దగ్గర. మధ్య ఎనిమిది కాగితాలు. కళ్ళతో చదివితే తెలిసిన మాటలే. కానీ ఆ గొంతులో అవి తన చెవిన పడిన గుర్తు ఒక్కటీ లేదు.

"ఏమైనా తప్పు చదివానా?" అన్నాడు నజీబ్ కంగారుగా.

"లేదు, లేదు. నువ్వు బాగానే చదివావు" అన్నాడు సఫ్వాన్.

మర్నాడు పొద్దున్నే రొట్టెల కోసం వాగు పక్క బట్టీకి వెళ్ళాడు. ఎప్పుడూ మసీదు దగ్గర కొనేవాడు. ఆ రోజు కాళ్ళు ఇటు తీసుకొచ్చాయి. బరకాత్ పొడవాటి చెక్క తెడ్డుతో పొయ్యిలోంచి రొట్టెలు లాగుతున్నాడు. ఒక్కో రొట్టె మీద నువ్వులు చిటపటమంటున్నాయి. పక్క గది గుమ్మంలో అతని భార్య హస్నా పీట మీద కూర్చుని పిండి పిసుకుతోంది. ఆమె మోకాళ్ళు వాచి ఉన్నాయి.

"ఎవరయ్యా ఆయన?" అంది పైనుంచి కిందకు చూసి. "తలపాగా చూస్తే... ఏవయ్యా, సున్నాల షేకు ఈయనేనా?"

"హస్నా!" అన్నాడు బరకాత్.

"ఉన్నమాట అంటే ఉలుకెందుకు? పేటంతా అదే అంటోంది. కూర్చోండి షేక్ గారూ, ఆ పిండి లేనివైపు. మా ఆయన నిద్రపోయాడని రాశారటగా? నిద్రపోయినవాడు ఇంటికొచ్చి పదిహేడు మాటలు ఎలా చెప్పాడో నాకు చెప్పండి."

"పదిహేడా?" అన్నాడు సఫ్వాన్.

"రెండో రోజు చదివినవి పదిహేడు. నా మోకాళ్ళు కొండెక్కవు. అందుకని ఈయన పోయి విని రావాలి, రాగానే నాకు వప్పజెప్పాలి. అదీ మా ఒప్పందం. ఒక్క పేరు మింగినా రాత్రి కూడు పెట్టను." పిండిని తిరగేసి పిడికిలితో గుద్దుతూ మొదలుపెట్టింది. ఎవరు ఎవరి దగ్గర విన్నారో, మాట ఏమిటో, ఒకటి తర్వాత ఒకటి. ఏడో దానికే సఫ్వాన్‌కు అనుమానం తీరిపోయింది. ఆమె ఆగలేదు. పదిహేడూ అయ్యాయి. వరస తప్పలేదు.

బరకాత్ తెడ్డు గోడకు ఆనించి నేల వైపు చూస్తున్నాడు, తప్పు తనదే అన్నట్టు.

"మూడో రోజువి మాత్రం తడుముకుంటూ చెప్పాడు, ఒక్కటీ వదల్లేదు గానీ" అంది హస్నా. "కళ్ళు తెరుచుకుని కూర్చున్నాట్ట, మీ భయానికి. సగం ధ్యాస తుడుచుకోడానికే సరిపోయింది. నిన్న మాత్రం నేను చెప్పి పంపాను, ఆయన సున్నా పెడితే పెట్టనీ, నువ్వు కళ్ళు మూసుకునే విను అని. నిన్నటివి ఎంత బాగా చెప్పాడనుకున్నారు! అవునూ, మీరూ అక్కడే ఉన్నారుగా. రోగి దగ్గరనుంచి తొందరగా లేవకూడదన్న దాని తర్వాత ఏం చదివారు? చెప్పండి, ఈయన చెప్పిందాంతో సరిపోతుందేమో చూస్తాను."

సఫ్వాన్ నోరు తెరిచాడు. పొయ్యిలో కట్టె విరిగి పడిన చప్పుడైంది.

ఆమె చేతులు పిండిలో ఆగాయి. ఎదురుచూస్తోంది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బరకాత్ తలెత్తి సఫ్వాన్ ముఖం ఒక్క క్షణం చూశాడు. వెంటనే నాలుగు రొట్టెలు గుడ్డలో చుట్టి అతని చేతుల్లో పెట్టాడు.

"షేక్ గారికి అవతల పనుంది, వదిలెయ్యవే. పొద్దున్నే పాఠం వప్పజెప్పించుకుంటావా అంతటివాడి చేత? వేడిగా ఉన్నాయండీ, జాగ్రత్త."

గుడ్డలోంచి వేడి అరచేతులకు తగులుతుండగా సఫ్వాన్ కొండ దారి పట్టాడు. బరకాత్‌కు అర్థమైపోయింది. అయినా ఒక్క మాట అనలేదు. అనడు కూడా. ఊళ్ళో ఇంకెవరికీ తెలిసే అవకాశం లేదు. పాతికమందిలో ఎవర్ని అడిగినా, సఫ్వాన్ కలం పట్టుకుని నిటారుగా కూర్చున్నాడనే చెబుతారు.

ఐదో రోజు గ్రంథం పూర్తయింది. చివరి మాట చదివి నజీబ్ గ్రంథాన్ని మూసి ముద్దు పెట్టుకున్నాడు. ఎవరో ఎండిన ఖుబానీలు పంచారు. ఆనవాయితీ ప్రకారం సఫ్వాన్ పట్టీని పైకి చదివాడు. లుబాబా సరే అంటే ఆ పేరు ఖాయం. పదకొండో పేరు బరకాత్‌ది.

"అబుల్ ఖైర్ కొడుకు బరకాత్, రొట్టెలవాడు. పూర్తిగా విన్నాడు."

వెనక గుసగుసలు లేచాయి. "నిద్రపోయాడుగా?" అన్నారెవరో.

"నిద్రపోలేదు. నేను పొరపాటు పడ్డాను" అన్నాడు సఫ్వాన్.

"సరే" అంది లుబాబా.

బరకాత్ తల దించుకుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సఫ్వాన్ మిగతా పేర్లు చదివాడు. రాసినవాడి పేరు అందరికంటే చివర వస్తుంది. అక్కడ ఆగాడు. తనూ పూర్తిగా విన్నాడని చదివేసినా అబద్ధమని అనేవాళ్ళు లేరు. రొట్టెలవాడికి న్యాయం జరిగింది. అది చాలదా?

"రాసినది, ముంజిద్ కొడుకు సఫ్వాన్. నాలుగో రోజు ఎనిమిది కాగితాలు తప్ప, మిగతాది విన్నాడు."

నజీబ్ గబుక్కున అతని వైపు తిరిగాడు. "అదేంటి షేక్ గారూ? మీరు నా ఎదురుగానే కూర్చున్నారు. నేను చూశాను!"

"కూర్చున్నాను. వినలేదు."

"కళ్ళు తెరిచే ఉన్నాయి!"

"అవును."

నజీబ్ దగ్గరకు జరిగి గొంతు తగ్గించాడు. "మామయ్య ఏమంటాడు? పూర్తిగా విన్నవాళ్ళకే పీఠమని పాఠశాల దస్తావేజులో ఉంది. మీరు ఆ మాట కొట్టెయ్యండి. మనసు ఒక్క క్షణం అటూ ఇటూ పోనివాళ్ళెవరు? అలా రాయాలంటే ఈ పట్టీలో ఒక్కడూ మిగలడు."

"నాకు నా సంగతే తెలుసు" అన్నాడు సఫ్వాన్.

తెర వెనక కర్ర తట్టింది.

"ఇలా రా నాయనా" అంది లుబాబా. సఫ్వాన్ తెర దగ్గరకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె ఊపిరి బరువుగా వినిపించింది. "నేను విన్నప్పుడు నాకు ఐదేళ్ళు. ఆ రోజు ఏం విన్నానో నాకేం గుర్తు చెప్పు? ఈ మాటలు పెద్దయ్యాక చదువుకుని నోటికి పట్టినవి. మా నాన్న చొక్కా ఉన్ని గుచ్చుకోడం గుర్తుంది. పండితుడి గొంతు గుర్తుంది. మిగతాదంతా ఎవడో నీలాంటివాడు 'ఈ పిల్ల విన్నది' అని రాసిపెట్టినందుకే. వాడి రాతను నమ్మే మీరంతా ఈ కొండెక్కారు. నేను కూడా వాడి రాతను నమ్మే ఇన్నాళ్ళూ కూర్చున్నాను." కర్ర పక్కన పెట్టిన చప్పుడైంది. "శుక్రవారం జుమా నమాజు అయ్యాక రా. ఆ ఎనిమిదీ చదువు, వింటాను. అంతవరకు రాసింది రాసినట్టే ఉండనీ."

శుక్రవారం అతను గ్రంథం చంకలో పెట్టుకుని కొండెక్కాడు. దారి పొడుగునా మిద్దెల మీద కోసిన ఖుబానీలు ఎండకు పరిచి ఉన్నాయి. మలుపు తిరగగానే లుబాబా ఇంటి ముందు జనం కనిపించారు. వాకిట్లో చాపలు చుట్టి గోడకు నిలబెట్టారు. నూలు తెర తీసేశారు. వేకువన నమాజుకు లేపబోతే లేవలేదని మనవరాలు చెప్పింది.

"మీకోసం రాత్రి అడిగింది. ఎనిమిది కాగితాలాయన ఏ వేళకొస్తాడని."

అతను పాడె మోసినవాళ్ళలో ఒకడయ్యాడు. తిరిగొస్తుంటే నజీబ్ కలిశాడు. పీఠం మోసుల్ నుంచి వచ్చిన ఆయనకు ఇచ్చారట. "ఏమనుకోకండి" అన్నాడు నజీబ్. ఆ కుర్రవాడి కళ్ళు ఎర్రబడ్డాయి. సఫ్వాన్ అతని భుజం మీద చెయ్యివేసి, నువ్వు మంచి చదువరివి అని మాత్రం అన్నాడు.

రెండు రోజులు ఇల్లు కదలలేదు. మూడో రోజు మధ్యాహ్నం, బట్టీలో మంట తగ్గే వేళకు, గ్రంథమూ సిరాబుడ్డీ పట్టుకుని వాగు పక్కకు వెళ్ళాడు.

"బరకాత్, నీ దగ్గర కాస్త వింటానికి వచ్చాను."

"ఏం వింటారండీ?"

"నాలుగో రోజు ఎనిమిది కాగితాలు. నేను చదువుతాను, నువ్వు విను. తప్పుంటే చెప్పు. ఆవిడ దగ్గర నువ్వు విన్నావు. ఇక నీ దగ్గరే నేను తీసుకోవాలి."

బరకాత్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకు అక్షరం ముక్క రాదండీ. మోసుల్ ఆయన ఉన్నారు, నజీబ్ గారున్నారు..."

"వాళ్ళూ ఉన్నారు. నేను నీ దగ్గరకొచ్చాను."

"ఆయన అంత దూరం నడిచొచ్చి అడుగుతుంటే ఏంటయ్యా నీ బెట్టు?" అంది గుమ్మంలోంచి హస్నా. "చేతులు కడుక్కో ముందు."

బరకాత్ మోచేతుల దాకా కడుక్కున్నాడు. పిండిబస్తా మీద తను కూర్చోనన్నాడు. గురువు ఎత్తులో కూర్చోవాలని సఫ్వాన్ పట్టుబట్టి కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. బరకాత్ కళ్ళు మూసుకున్నాడు. రెండో కాగితం, మూడో కాగితం. ఐదో కాగితంలో ఒక చోట బరకాత్ చెయ్యెత్తాడు.

"అక్కడ ఆగండి. ఆ ఇద్దరి మధ్య ఇంకొకాయన ఉన్నాడండీ. పుస్తకంలో లేడు. అమ్మమ్మ కర్ర తట్టి చెప్పింది, ఉన్ని ఏకే జియాద్ అని. నజీబ్ గారు సరే అని చదువుకుంటూ పోయారు."

సఫ్వాన్ కాగితం వైపు చూశాడు. అంచు తెల్లగా ఉంది. అలాంటివి అంచున రాసుకోవలసింది తనే. అందుకే ఆ రోజు కలం తన చేతిలో ఉన్నది. సిరాలో ముంచి, ఆ పేరు అంచున జాగ్రత్తగా రాశాడు. ఎనిమిదో కాగితం చివర బరకాత్ "సరే" అన్నాడు. ఆ మాట ఎలా అనాలో అతనికి తెలుసు. ఐదో రోజు లుబాబా నోట విన్నాడు.

సఫ్వాన్ కొత్త కాగితం పరిచాడు. "షేక్ బరకాత్ దగ్గర, వాగు పక్క రొట్టెల బట్టీలో" అని పైన రాశాడు. కింద విన్నవాళ్ళలో తన పేరు రాశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు.

"మీ పేరు హస్నా కదమ్మా?"

"నాదెందుకు?" అంది ఆమె.

"విన్నారు కాబట్టి."

"పిండి పిసుకుతూ విన్నాను."

"నిద్రపోలేదుగా?"

బరకాత్ కడుపు పట్టుకుని నవ్వాడు. హస్నా నవ్వలేదు.

"ఎవరి కూతురని రాయమంటారు?"

పిండిలో ఆమె చేతులు నిలిచిపోయాయి. బరకాత్ కూడా నవ్వు మాని ఆమె వైపు చూశాడు.

"ఆ పేరు పలికి ఎన్నేళ్ళయిందో" అంది చివరకు, మెల్లగా. "సుబైహ్. సుబైహ్ కూతుర్ని. నేత నేసేవాడు. అది కూడా రాస్తారా?"

"రాస్తాను" అన్నాడు సఫ్వాన్. రాశాడు. సిరా ఆరేదాకా ముగ్గురూ ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నారు.